పెన్‌డ్రైవ్ కూడా ఆపేస్తే ఎలా? ల్యాబు పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాళ్లకు బహిరంగ లేఖ

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ఇది ఏ ఒక్క స్కూలుకో, ఏ ఒక్క ఆఫీసుకో రాస్తున్న లేఖ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ హైస్కూల్లో, గురుకులంలో, జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఉన్నా, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది కదా, ఆ ఒకరికి. ఆయన కంప్యూటర్ సారే కావచ్చు, పాస్‌వర్డ్‌ని డైరీ చివరి పేజీలో రాసిపెట్టుకున్న హెడ్మాస్టరు గారు కావచ్చు, ల్యాబు బిగించి కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోయిన ఏజెన్సీ కుర్రాడు కావచ్చు. నా అనుభవంలో ఎక్కువగా ఆ కుర్రాడే. ఫోన్ కూడా ఎత్తడు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాకు చూపు లేదు. కంప్యూటర్ వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో. తెర మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంటే నేను కీబోర్డుతో పని చేసుకుపోతాను, మౌస్ జోలికి వెళ్లను. మార్కుల ఎంట్రీ, ప్రశ్నపత్రాల టైపింగ్, ఇప్పుడు రాస్తున్న ఈ లేఖ, అన్నీ దాంతోనే. వీలున్నప్పుడల్లా చుట్టుపక్కల స్కూళ్లకు వెళ్లి చూపు లేని పిల్లలకు, బాగా తక్కువ చూపు ఉన్న పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంటాను. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ల్యాబుల్లో ఈ సాఫ్ట్‌వేర్ ఉండదు. పెట్టుకుందామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది మాకు ఇవ్వరు. సరేలే అని ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్ నుంచి నడుపుకున్నాం, ఇప్పుడు ఒక్కొక్క ల్యాబులో దాన్నీ ఆపేస్తున్నారు. పిల్లవాడు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పెన్‌డ్రైవ్ పెట్టి, ఎంటర్ కొట్టి కూర్చుంటాడు, ఏమీ వినపడదు. ఈ యాప్‌ని మీ అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు అని తెర మీద వచ్చిందట, పక్క సీట్లో అమ్మాయి చదివి చెప్తే తెలిసింది. ఆ ముక్క చదివి వినిపించాల్సిన ప్రోగ్రామునే ఆపేశారు మరి, వాడికెలా తెలుస్తుంది?

ఎన్‌వీడీఏ పేరు వినని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే కుర్రాడు దీన్ని మొదలుపెట్టాడు. అతనికీ చూపు లేదు. తర్వాత చూపు లేని ఇంకో ప్రోగ్రామర్ జేమ్స్ టే తోడయ్యాడు, ఇద్దరూ కలిసి 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. అప్పటికి మంచి స్క్రీన్ రీడర్ కొనాలంటే కంప్యూటర్‌కి పెట్టినంత డబ్బు మళ్లీ పెట్టాల్సి వచ్చేది, ఇప్పటికీ జాస్ లాంటి డబ్బు కట్టి కొనే స్క్రీన్ రీడర్లు మన స్కూళ్లు కొనే ధరలో లేవు. ఎన్‌వీడీఏ మాత్రం ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ తెరిచి పెట్టింది, జీపీఎల్ లైసెన్సు, ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకున్నా అడిగేవాడు లేడు. డిస్కులో 150 ఎంబీ జాగా చాలు. దాంట్లోనే ఈస్పీక్ అనే గొంతు కలిసి వస్తుంది, అది తెలుగు కూడా చదువుతుంది. రోబో మాట్లాడినట్టు ఉంటుంది, మొదట్లో పిల్లలు నవ్వుతారు, వారం తిరిగేసరికి స్పీడు పెంచుకుని మనకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా వింటుంటారు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. ఎన్‌వీడీఏ ఇన్‌స్టాలర్ తెరవగానే మూడు దారులు చూపిస్తుంది: ఈ కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చెయ్యాలా, పోర్టబుల్ కాపీ తయారుచెయ్యాలా, లేక ప్రస్తుతానికి ఇలాగే నడపాలా అని. పోర్టబుల్ కాపీని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే అడ్మిన్ హక్కులు అక్కర్లేకుండా ఏ విండోస్ కంప్యూటర్లోనైనా నడుస్తుంది, మన స్పీడు, మన సెట్టింగులు అన్నీ వెంట ఉంటాయి, కంప్యూటర్లో ఏమీ మారదు. దీన్ని దొడ్డిదారి అనుకోకండి. వేరేవాళ్ల కంప్యూటర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చే మనుషులు ఉంటారని తెలిసి, తయారుచేసినవాళ్లే కావాలని పెట్టిన ఏర్పాటు అది. మా పిల్లలెవరూ మీ పాస్‌వర్డ్ విరగ్గొట్టలేదు, కొట్టమని నేనెప్పుడూ చెప్పను.

మీరు తాళాలు ఎందుకు వేస్తారో నాకు తెలుసు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ మన ల్యాబుల్ని ఎంత ఏడిపించిందో నేనూ చూశాను, మా స్టాఫ్‌రూమ్ కంప్యూటరే దానికి బలైంది. ఒకడు గేమ్ తెస్తాడు, ఒకడు క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ తెస్తాడు, సాయంత్రానికి సగం సిస్టమ్‌లు పడకేస్తాయి, బాగుచేసే పని మాత్రం మీ ఒక్కరి నెత్తిన. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా గ్రూప్ పాలసీ పెట్టారు, లేదా ఏ ప్రోగ్రాములు నడవాలో రూళ్లు రాసుకునే విండోస్ ఏర్పాటు ఆప్‌లాకర్ పెట్టారు. తప్పు అనను. కానీ ఆ రూలు గేమునీ, వైరస్‌నీ, చూపు లేని పిల్లవాడి స్క్రీన్ రీడర్‌నీ ఒకే గాటన కట్టేస్తోంది. కళ్లజోడు గుమ్మం బయట విడిచి ల్యాబులోకి రమ్మన్నట్టుంది.

కాబట్టి నేను అడిగేది పెన్‌డ్రైవులు అందరికీ తెరవమని కాదు. ఎన్‌వీడీఏని మీరే మీ చేత్తో ఇన్‌స్టాల్ చెయ్యండి అంటున్నాను. నిజం చెప్పాలంటే పెన్‌డ్రైవ్‌తో మాకూ సుఖం లేదు. పోర్టబుల్ కాపీ లాగిన్ స్క్రీన్ దగ్గర మాట్లాడదు, అంటే ప్రతిసారీ ఎవరో ఒకరు లాగిన్ చేసి పెట్టాలి. అడ్మిన్ హక్కులతో నడిచే ప్రోగ్రాములు ఏవైనా తెరిస్తే వాటిలోకి వెళ్లలేదు. ఈ ప్రోగ్రామును అనుమతిస్తారా అని విండోస్ తెరని మసక చేసి అడుగుతుంది చూడండి, అప్పుడు ఠక్కున మూగబోతుంది, పిల్లవాడికి కంప్యూటర్ హ్యాంగ్ అయిందో, కరెంటు పోయిందో, తనే ఏదో తప్పు నొక్కాడో తెలియదు, కంగారులో ఏదేదో నొక్కేస్తాడు.

దీనికి కారణం ఎన్‌వీడీఏలో లోపం కాదు, విండోస్ పెట్టుకున్న నియమం. వేరే ప్రోగ్రాముల కిటికీల్లో ఏముందో ఎక్కడా అడ్డం లేకుండా చదవాలంటే విండోస్‌లో యూఐ యాక్సెస్ అనే ప్రత్యేకమైన అనుమతి కావాలి. అది ఇవ్వాలంటే ఆ ప్రోగ్రాముకి డిజిటల్ సంతకం ఉండాలి, పైగా అది ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి, మామూలు యూజరు చెయ్యి పెట్టలేని ఫోల్డర్లో ఉండాలి. సంతకం ఎన్‌వీడీఏకి ఉంది. పెన్‌డ్రైవ్ మాత్రం అలాంటి చోటు కాదు కదా.

ఇప్పుడు ఆప్‌లాకర్ వైపు నుంచి చూడండి. డీఫాల్ట్ రూల్స్ పెడితే మామూలు యూజర్లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, విండోస్ ఫోల్డర్లో ఉన్నవే నడపగలరు, ఇంకెక్కడివీ నడవవు. అంటే మీ రూలు ఏ ఫోల్డర్‌ని నమ్ముతుందో, మా స్క్రీన్ రీడర్ పూర్తిగా పనిచెయ్యడానికి విండోస్ కూడా అదే ఫోల్డర్ అడుగుతోంది! ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే మీరు కొత్తగా ఏ రూలూ రాయక్కర్లేదు, ఉన్న రూలు సడలించక్కర్లేదు, పెన్‌డ్రైవులు ఎంత గట్టిగా మూసుకున్నా మాకు అభ్యంతరం లేదు. ఇంత తేలికైన పని ఇన్నేళ్లుగా ఎందుకు జరగలేదంటే, ల్యాబు సెటప్ చేసిన రోజున చూపు లేని పిల్లలు కూడా వస్తారని ఎవరికీ తట్టలేదు, అంతే. పగబట్టి చేశారని నేను అనుకోవడం లేదు.

ఏదైనా కారణం వల్ల ఇన్‌స్టాల్ చెయ్యడం ఈ టర్ములో కుదరకపోతే, కనీసం ఆప్‌లాకర్‌లో పబ్లిషర్ రూలు ఒకటి పెట్టి ఎన్‌వీ యాక్సెస్ సంతకం ఉన్న ప్రోగ్రాముని మాత్రం వదలండి. గేములు రావు, వైరస్ రాదు, పోర్టబుల్ కాపీ నడుస్తుంది. అయితే గ్రూప్ పాలసీలో పెన్‌డ్రైవ్ నుంచి ఎగ్జిక్యూట్ చెయ్యడాన్నే ఆపేసి ఉంటే ఈ రూలు ఒక్కటే సరిపోదు, అదీ చూసుకోవాలి. అందుకే మళ్లీ మళ్లీ చెప్తున్నా, ఇన్‌స్టాల్ చెయ్యడమే తేలిక.

ఇప్పటిదాకా నాకు వచ్చిన జవాబులు కొన్ని ఉన్నాయి. విండోస్‌లోనే నేరేటర్ ఉందిగా మాస్టారూ అంటారు. ఉంది, అది విండోస్‌తోనే వచ్చే స్క్రీన్ రీడర్, కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే పాస్‌వర్డ్ ఏదీ అడక్కుండా మొదలవుతుంది, ఏమీ లేనప్పుడు ప్రాణం నిలబెడుతుంది, ఆ మాత్రం ప్రతి కంప్యూటర్ సారుకీ తెలిసి ఉండాలి. కానీ నేను వెళ్లిన ల్యాబుల్లో ఎక్కడా దానికి తెలుగు గొంతు లేదు. ఇంగ్లిష్ చదివి తెలుగు దగ్గరకు వచ్చేసరికి దాటేసే స్క్రీన్ రీడర్‌తో తెలుగు మీడియం పిల్ల ఏం చదువుకుంటుంది?

ఫోన్లో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉందిగా అని కొందరు. ఫోన్ స్కూలుకు తేవద్దని రూలు పెట్టేదీ మనమే. అయినా ఎక్సెల్ షీటు ఫోన్లో నేర్పమంటే కంప్యూటర్ పీరియడ్‌లో మీరు మాత్రం నేర్పుతారా?

సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోమనండి అన్నది ఇంకో మాట. దీనికి మాత్రం నాకు కోపం వస్తుంది. కూలిపని చేసుకునే తల్లిదండ్రుల్ని ల్యాప్‌టాప్ కొనమని చెప్పడం అలా ఉంచండి. దివ్యాంగుల రాతపరీక్షల మీద కేంద్రం 2018 ఆగస్టు 29న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, అయినా ఆ 2018 నాటివి ఒకసారి చదవండి. బ్రెయిల్లోనో, కంప్యూటర్ మీదో, పెద్ద అక్షరాల్లోనో ఎలా రాస్తారో అభ్యర్థి ఎంచుకోవచ్చు అన్నారు, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నారు, సాఫ్ట్‌వేర్ ఇబ్బందులుంటే సరిచెయ్యడానికి వీలుగా ఒకరోజు ముందే కంప్యూటర్ని చూసుకోనివ్వాలి అన్నారు, సొంత కంప్యూటర్ మాత్రం తెచ్చుకోకూడదు అన్నారు. అంటే వాటి ప్రకారం పరీక్ష రాయాల్సింది ల్యాబు కంప్యూటర్ మీదే. దాంట్లో స్క్రీన్ రీడర్ లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. అందుకే మన పిల్లలంతా, చెప్తే రాసిపెట్టే స్క్రైబ్‌ని వెతుక్కుంటూ తిరుగుతారు, పరీక్షకి చదువుకోవాల్సిన రోజుల్లో. ఎప్‌సెట్ కంప్యూటర్ మీదకు వచ్చింది, డీఎస్సీ కంప్యూటర్ మీదకు వచ్చింది, కంప్యూటర్ వచ్చి కూడా చూపు లేనివాడు నోటితో చెప్పి పక్కవాడి చేత క్లిక్ చేయించుకుంటున్నాడంటే ఆ అలవాటు స్కూలు ల్యాబులోనే పడింది.

మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతారన్న అనుమానం న్యాయమైనదే, చిన్నదే కూడా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లాగిన్ దగ్గర దానంతటది మొదలయ్యే ఆప్షన్ ఒకటి అడుగుతుంది, అందరూ వాడే సిస్టమ్‌లో దాన్ని తీసేయండి. కావాల్సిన పిల్లవాడు కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కితే మొదలవుతుంది, పని అయ్యాక ఇన్సర్ట్, క్యూ నొక్కి ఆపేస్తాడు. తర్వాత కూర్చున్నవాడికి అది ఉందని కూడా తెలియదు. లాగిన్ స్క్రీన్ దగ్గర కూడా మాట్లాడాలంటే ఒక్క సిస్టమ్ ఆ పిల్లలకే కేటాయించి అక్కడ ఆ ఆప్షన్ ఉంచండి.

సెక్యూరిటీ గురించి లోతుగా ఆలోచించేవాళ్లు ఇంకోటి అడగొచ్చు, వాళ్లు అడక్కముందే చెప్తాను. ఎన్‌వీడీఏలో కోడ్ టైప్ చేసి నడిపే పైథాన్ కన్సోల్ ఉంటుంది, యాడ్‌ఆన్లు వేసుకునే వీలుంటుంది. స్టూడెంట్ లాగిన్‌లో అవి మామూలుగా ఆ యూజరుకి ఉన్న హక్కులతోనే నడుస్తాయి. అయినా వద్దనుకుంటే సెక్యూర్ మోడ్ ఉంది, అందులో కన్సోలూ ఉండదు, యాడ్‌ఆన్లూ వేసుకోలేరు. కాకపోతే ఆ మోడ్‌లో పిల్లలు మార్చుకున్న సెట్టింగులు కూడా సేవ్ కావు, వచ్చిన ప్రతిసారీ స్పీడూ, గొంతూ మళ్లీ సరిచేసుకోవాలి. అంతవరకు వెళ్లాల్సిన పని స్కూలు ల్యాబుల్లో లేదన్నది నా అభిప్రాయం.

చట్టం గురించి పొడుగ్గా రాయను, మీకూ సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే స్కూలైనా, గుర్తింపు మాత్రమే ఉన్న ప్రైవేటు స్కూలైనా పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాటు చెయ్యాలని దాని 16వ సెక్షన్ చెప్తుంది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు యాక్సెసిబిలిటీ ప్రమాణాలు దయతలచి పాటించేవిగా కాదు, తప్పనిసరిగా పాటించాల్సినవిగా ఉండాలని చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందుంచుకున్న నివేదిక మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసిందే. అంత దగ్గర్లో తయారైన మాట మన ల్యాబు గుమ్మం దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో.

అన్నట్టు, దివ్యాంగుల దినోత్సవం నాడు ప్రతి మీటింగులోనూ చూపు లేని పారిశ్రామికవేత్త బొల్లా శ్రీకాంత్ పేరు చెప్తారు. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టి, పదో తరగతి అయ్యాక సైన్సు ఇచ్చేది లేదంటే కోర్టుకు వెళ్లి గెలిచి, అమెరికాలో ఎంఐటీలో చదివాడని చప్పట్లు కొట్టిస్తారు. సంతోషమే. కానీ ఆ కథలో సైన్సు ఇచ్చేది లేదన్నది కూడా మన వ్యవస్థే అన్న సంగతి మీటింగులో ఎవరూ అనరు, మీటింగు అయ్యాక ల్యాబు తాళం ఎప్పటిలాగే ఉంటుంది.

సరే, అసలు పనికి వద్దాం. మీలో చాలామంది వేసవి సెలవుల్లో సిస్టమ్‌లు ఫార్మాట్ కొట్టి, ఒకదాంట్లో అన్నీ సిద్ధం చేసి, ఆ ఇమేజ్‌నే మిగతావాటికి ఎక్కిస్తారు. ఆ మొదటి సిస్టమ్‌లోనే ఎన్‌వీడీఏ ఉంటే పని అక్కడితో అయిపోతుంది, జూన్‌లో స్కూలు తెరిచేసరికి ల్యాబంతా సిద్ధం. ఇమేజ్ పద్ధతి లేకపోతే, ఏ ప్రశ్నలూ అడగకుండా ఇన్‌స్టాల్ అయ్యే సైలెంట్ ఆప్షన్ దానికి ఉంది, బ్యాచ్ ఫైల్ రాసుకునేవాళ్లకు అది చాలు. రీస్టార్ట్ కాగానే సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చేసే డీప్ ఫ్రీజ్ ఉన్న ల్యాబుల్లో మాత్రం గుర్తుపెట్టుకుని థా చేసి, అంటే ఆ ఫ్రీజ్‌ని కాసేపు తీసేసి, ఇన్‌స్టాల్ చెయ్యండి, లేదంటే రీస్టార్ట్ కాగానే మాయమవుతుంది. ఒక స్కూల్లో ఇదే జరిగి, ఇన్‌స్టాల్ చేసిన సారు నేను అబద్ధం చెప్తున్నాననుకున్నారు.

విండోస్ 7 సిస్టమ్‌లు ఇంకా నడుస్తున్న ల్యాబులు ఉన్నాయని తెలుసు, వాటిల్లో కొత్త వెర్షన్ ఎక్కదు. 2023.3.4 వెర్షన్ వెతికి దించుకోండి, విండోస్ 7లో నడిచే ఆఖరి వెర్షన్ అది. ఉబుంటు వేసి ఉంటే ఎన్‌వీడీఏ అక్కర్లేదు, ఓర్కా అనే స్క్రీన్ రీడర్ దాంతోపాటే వస్తుంది, ఆల్ట్, విండోస్ బటన్, ఎస్ కలిపి నొక్కితే మొదలవుతుంది, పాస్‌వర్డ్ అడగదు. తెలుగు గొంతు పెట్టుకోవాలి, అంతే.

ఇంకొక్కటి, ఇది మీ చేతిలో సగం, మా టీచర్ల చేతిలో సగం. తెలుగు నోట్సులు, ప్రశ్నపత్రాలు అనూ ఫాంట్లలో టైప్ చేసి పీడీఎఫ్ చేస్తే ఎన్ని స్క్రీన్ రీడర్లు పెట్టినా లాభం లేదు. కంటికి తెలుగులా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ, మాకు వినిపించేది అర్థంపర్థం లేని గోల. యూనికోడ్‌లో టైప్ చెయ్యమని మీ డీటీపీ సెంటర్ అతనికి చెప్పండి. సెల్‌ఫోన్తో ఫొటో తీసి పీడీఎఫ్ అని పెట్టేవాళ్ల గురించి ఇంకో లేఖ రాయాలి, ఇప్పుడొద్దు.

పాస్‌వర్డ్ నిజంగానే ఎవరి దగ్గరా లేకపోతే, అదీ తప్పు కాదు, ఆ మాట రాతపూర్వకంగా పైకి పంపండి. ఏ సిస్టమ్‌కి పాస్‌వర్డ్ లేదో జాబితా రాసి, ఏజెన్సీ నుంచి రాబట్టమని జిల్లా ఆఫీసుకు ఒక లెటరు పెట్టండి, కాపీ మీ మండలంలో సహిత విద్య టీచర్లకు ఇవ్వండి. దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాల్లో పనిచేసే ఆ టీచర్లకు ఏ స్కూల్లో చూపు లేని పిల్లలున్నారో పేరుపేరునా తెలుసు, ఏ ల్యాబు ముందు చెయ్యాలో వాళ్లే చెప్తారు.

ఇన్‌స్టాల్ అయ్యాక మీరే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారి మొదలుపెట్టి చూడండి. ఏమీ వినపడకపోతే ఎన్‌వీడీఏని తిట్టకండి, ముందు సౌండ్ డ్రైవర్ ఉందో లేదో చూడండి. మన ల్యాబుల్లో సౌండ్ ఎవరికీ అవసరం రాలేదు కాబట్టి చాలా సిస్టమ్‌లలో డ్రైవరే వెయ్యరు, ముందున్న హెడ్‌ఫోన్ జాక్ పనిచెయ్యదు, సీపీయూ వెనక జాక్‌లో పెడితే వస్తుంది. ఆ డ్రైవర్ వెయ్యడానికి కూడా అడ్మిన్ పాస్‌వర్డే కావాలి, కాబట్టి రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోండి. ఏ మూల సిస్టమ్‌లో చేశారో చెప్తే చాలు, పరీక్షించడానికి పిల్లల్ని నేను తీసుకొస్తాను.